రిపోర్టులో ఒక్క అంకె చూసి ఆగకండి: సీఎంఎల్‌లో మిగిలిన జబ్బును కొలిచే పద్ధతి

(సీఎంఎల్ అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. ఆ జబ్బున్న రోగులు, వాళ్ల కుటుంబసభ్యులు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. చాలామంది ఫైళ్లు వెంట తెచ్చుకున్నారు, సంతోషం. అందులోంచి చివరిసారి చేయించిన బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ రిపోర్టు తీసి పైన పెట్టుకోండి. నేను మాట్లాడేదంతా ఆ కాగితం గురించే. తేనివాళ్లు పక్కవాళ్లది చూడండి, ఏమీ అనుకోరు.

రిపోర్టు చేతికి రాగానే మనం ఏం చూస్తాం? ఒక్క అంకె. 0.08 అనో, 0.4 అనో, లేదంటే ‘కనబడలేదు’ అనో. పోయినసారి కన్నా తగ్గితే ఆ రోజు ఇంట్లో పండగ. పెరిగితే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. గ్రూపులో ‘నాది 0.02, నీదెంత’ అని అడుగుతారు. అడగండి, అందులో తప్పేం లేదు. కానీ ఆ అంకె దేంట్లో ఎంత? ఏ ల్యాబులో చేశారు? ఎన్ని కణాలు వెతికితే వచ్చింది? ఇవి తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. ఇంకోసారి చెబుతున్నాను, ఇవి తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. ఈ మూడు విషయాలూ మీ కాగితం మీదే రాసి ఉంటాయి, లేదా రాసి ఉండాలి. వాటిని వెతకడం నేర్చుకోవాలి మనం.

మొదట ఏం కొలుస్తున్నామో చూద్దాం. సీఎంఎల్‌లో తొమ్మిదో క్రోమోజోమ్ ముక్క, ఇరవై రెండో క్రోమోజోమ్ ముక్క ఒకదాని చోటికి ఇంకొకటి వెళ్తాయి. 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఫిలడెల్ఫియాలో ఆ పొట్టి క్రోమోజోమ్‌ను గుర్తించారు. అందుకే దానికి ఆ ఊరి పేరు. ఆ పొట్టితనం ఈ ముక్కల మార్పిడి వల్ల వచ్చిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ముక్కలు అతుక్కున్న చోట బీసీఆర్-ఏబీఎల్1 అనే కొత్త జన్యువు తయారవుతుంది. అది చేసే ప్రొటీన్ ఎప్పుడూ ఆగకుండా పనిచేస్తూ తెల్లకణాలను పెంచుతూ పోతుంది. ఇమాటినిబ్, దాని తర్వాత వచ్చిన మందులు ఆ ప్రొటీన్‌ను పట్టి ఆపుతాయి. ఆ జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ (జన్యువు నకలు) ఎంత ఉందో రక్తంలో లెక్కపెట్టడమే మన పీసీఆర్. ఈ అతుకు జబ్బు కణాల గుర్తు కాబట్టి, దాన్ని లెక్కపెడితే మిగిలిన జబ్బు ఎంతో తెలుస్తుంది.

సీబీసీ (రక్తకణాల లెక్క) నార్మల్ వచ్చింది కదా, ఇంకా ఇదెందుకు అని అడుగుతారు. జబ్బు బయటపడిన రోజున ఒంట్లో సీఎంఎల్ కణాలు లక్ష కోట్ల దాకా ఉంటాయని స్థూలమైన అంచనా. మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో తెల్లకణాలు ఆరు వేలకో ఏడు వేలకో దిగుతాయి, ఉబ్బిన ప్లీహం తగ్గుతుంది, ఆకలి తిరిగి వస్తుంది. అప్పటికి కూడా జబ్బు కణాలు వేల కోట్లలో ఉంటాయి. సీబీసీకి అవి కనబడవు. ఎముక మజ్జ తీసి క్రోమోజోములు చూస్తే మామూలుగా 20 కణాలు లెక్కపెడతారు. ఆ అతుకును మెరిసే రంగుతో గుర్తించే ఫిష్ పరీక్షలో 200 కణాలో, ఇంకొంచెం ఎక్కువో. అంటే ఇరవైలో ఒకటి, వందల్లో ఒకటి, అంతవరకే వాటి చూపు. పీసీఆర్ లక్షలో ఒకదాన్ని పట్టగలదు. పైగా దానికి మజ్జ అక్కర్లేదు, చేతి నరం నుంచి తీసిన రక్తం చాలు. ప్రతిసారీ నడుములో సూది గుచ్చాలేమోనని పరీక్షకే రానివాళ్లున్నారు. అక్కర్లేదమ్మా. మజ్జ పరీక్ష మొదట్లో కావాలి. ఆ తర్వాత మందు పనిచేయనప్పుడు, రక్తకణాలు కారణం తెలియకుండా పడిపోయినప్పుడు, జబ్బు ముదిరే సూచన ఉన్నప్పుడు కావాలి. మామూలు ఫాలో-అప్‌కి రక్తం చాలు.

ఇప్పుడు అంకెల మెట్లు. 100 శాతం నుంచి మొదలు. పదో వంతుకు దిగితే 10 శాతం, దాన్ని ఒక లాగ్ తగ్గడం అంటాం. ఇంకో పదో వంతు, 1 శాతం. ఇంకో పదో వంతు, 0.1 శాతం. ఇది మూడు లాగ్‌లు. దీన్నే ఎంఎంఆర్ (మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్) అంటారు, మీ డాక్టరుగారి నోట ఎక్కువగా వినబడే మాట. 0.01కి దిగితే ఎంఆర్ 4, అంటే నాలుగు లాగ్‌లు తగ్గినట్టు. 0.0032కి దిగితే ఎంఆర్ 4.5. లక్ష కోట్లలో 0.1 శాతం అంటే ఎంత? వంద కోట్లు. ఎంఎంఆర్ వచ్చినవాళ్ల ఒంట్లో కూడా వంద కోట్ల జబ్బు కణాలు ఉండొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ స్థితిలో ఉండి, మందు సరిగ్గా వేసుకుంటున్నవాళ్లకు జబ్బు ముదరడం చాలా అరుదు. ఎంఎంఆర్ సురక్షితమైన చోటే. కానీ ‘తగ్గిపోయింది కదా’ అని మాత్ర ఆపేసేవాళ్లకు ఈ వంద కోట్ల లెక్క తెలిసి ఉండాలి.

ఇక ‘కనబడలేదు’ అనే మాట. బస్తా బియ్యంలో రాళ్లున్నాయో లేదో చూడాలి. ఒక గుప్పెడు తీసి చేటలో పోశారు, రాయి కనబడలేదు. బస్తాలో రాళ్లు లేవని చెప్పగలమా? ఆ గుప్పెట్లో లేవని చెప్పగలం, అంతే. నాలుగు చేటల బియ్యం చూసినా కనబడకపోతే ఇంకొంచెం ధైర్యంగా చెబుతాం. పీసీఆర్‌లో ఆ గుప్పెడు ఎంత పెద్దదో చెప్పే లెక్క ఒకటుంది. దాని పేరు ఏబీఎల్1 కాపీలు. ఏబీఎల్1 మామూలు కణాల్లోనూ ఉంటుంది కాబట్టి అది ఎన్ని కాపీలు వచ్చిందో చూస్తే ఎంత మంచి ఆర్ఎన్ఏ పరీక్షకు దొరికిందో తెలుస్తుంది. మీ రిపోర్టులో ‘కంట్రోల్ జీన్ కాపీలు’ అని ఉందేమో చూడండి. కొన్ని ల్యాబులు ఏబీఎల్1 బదులు గస్‌బీ అనే జన్యువును వాడతాయి, దాని లెక్కలు వేరు.

కొలత ఇది. ఎంఆర్ 4 అని చెప్పాలంటే ఏబీఎల్1 కనీసం 10,000 కాపీలు రావాలి. ఎంఆర్ 4.5 అని చెప్పాలంటే 32,000. ఎంఆర్ 5కి లక్ష. ఏబీఎల్1 నాలుగు వేలే వచ్చి, బీసీఆర్-ఏబీఎల్ కనబడలేదనుకోండి. అది మంచి వార్తా? కాదు, అది సరిపోని శాంపిల్. మళ్లీ రక్తం ఇవ్వాల్సిందే. చాలామంది ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి దాచుకుంటారు! పక్కన ఏబీఎల్1 లెక్క లేకుండా ‘కనబడలేదు’ అని ఉంటే ల్యాబుకు ఫోన్ చేసి ఆ లెక్క అడగండి. అది అడిగే హక్కు మీకుంది. ల్యాబువాళ్ల దగ్గర ఆ లెక్క తప్పకుండా ఉంటుంది, అది లేకుండా శాతం కట్టలేరు.

శాతం ఎలా కడతారో కూడా చూపిస్తాను, కష్టమేం కాదు. బీసీఆర్-ఏబీఎల్ 3 కాపీలు, ఏబీఎల్1 40,000 కాపీలు వచ్చాయి. మూడును నలభై వేలతో భాగించి వందతో హెచ్చిస్తే 0.0075 శాతం. ఇది ఆ ల్యాబు సొంత లెక్క. దీన్ని ఆ ల్యాబు కన్వర్షన్ ఫ్యాక్టర్‌తో హెచ్చించాలి. అది 0.8 అనుకుందాం, 0.006 వస్తుంది. పక్కన ‘ఐఎస్’ అని రాస్తారు, ఇంటర్నేషనల్ స్కేల్ అని. 0.01 కన్నా తక్కువ, ఏబీఎల్1 పది వేలు దాటింది, కాబట్టి ఇది ఎంఆర్ 4.

ఈ ఫ్యాక్టర్ ఎందుకు? ఒక్కో ల్యాబులో ప్రైమర్లు (జన్యువును వెతికి పట్టే చిన్న ముక్కలు) వేరు, ఎంజైములు వేరు, మెషీన్ వేరు. ఒకే రక్తం రెండు ల్యాబులకు పంపితే ఒకరు 0.06 అంటారు, ఇంకొకరు 0.2 అంటారు. ఒకటి ఎంఎంఆర్ లోపల, ఒకటి బయట. రోగి ఏం కావాలి? అందుకే 2005లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులు కూర్చుని అందరికీ ఒకే కొలబద్ద ఉండాలని నిర్ణయించారు. ఇమాటినిబ్‌ను అంతకుముందు వాడిన ఇంటర్‌ఫెరాన్ అనే మందుతో పోల్చిన ఐరిస్ అనే పెద్ద అధ్యయనంలో, అడిలైడ్, లండన్, సియాటిల్ ల్యాబులు 30 మంది కొత్త రోగుల రక్తం కొలిచి తీసిన సగటును 100 శాతంగా పెట్టుకున్నారు. దానికి మూడు లాగ్‌ల కింద ఉన్నది 0.1. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక శాంపిళ్లు కూడా వచ్చాయి. ల్యాబు వాటితోనో, వాటికి ముడిపెట్టి తయారుచేసిన కిట్‌తోనో తన ఫ్యాక్టర్ సరిచూసుకోవాలి. కాబట్టి రిపోర్టులో ‘ఐఎస్’ అనే రెండు అక్షరాలు లేకపోతే ఆ శాతాన్ని 0.1 గీతతో పోల్చకూడదు. ఎంత తక్కువ కనబడినా పోల్చకూడదు.

ఐఎస్ ఉన్నా సరే, ల్యాబు మార్చకండి. మార్చక తప్పకపోతే, ఒకసారి ఒకే రోజు రక్తం రెండు చోట్లా ఇచ్చి తేడా ఎంతుందో రాసి పెట్టుకోండి. ఎందుకంటే ఒకే ల్యాబులో ఒకే శాంపిల్ రెండుసార్లు చేసినా ఎంఎంఆర్ దగ్గర రెండింతల తేడా రావడం మామూలే. అంకె ఇంకా కిందకి దిగేకొద్దీ ఆ ఊగిసలాట పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ లెక్కపెట్టేది రెండు మూడు కాపీలే. మొన్న 0.004, ఇవాళ 0.009 అని ఏడ్చేవాళ్లకు చెబుతున్నాను, అది పెరగడం కాదు. రెండుసార్లూ మీరు ఉన్నది ఒకే చోట. 0.02 నుంచి 0.15కి వస్తే అది వేరే సంగతి. ఐదింతలు దాటింది, ఎంఎంఆర్ గీత కూడా దాటింది. అప్పుడు కదలాలి.

మొదటి రోజు అంకె గురించి కూడా ఒక్క మాట. ఒకరికి జబ్బు బయటపడినప్పుడు 60 శాతం, ఇంకొకరికి 110 శాతం. రెండో ఆయనకు జబ్బు ఎక్కువని కాదు. ఏబీఎల్1ను పట్టే ప్రైమర్లు బీసీఆర్-ఏబీఎల్‌లో ఉన్న ఏబీఎల్ ముక్కను కూడా లెక్కపెడతాయి. అందుకని 10 శాతం పైన లెక్క తిన్నగా నడవదు. పది కిందకు దిగాకే నమ్మదగినది అవుతుంది.

ఇప్పుడు టెక్నీషియన్లు కొంచెం ముందుకు రండి. అంకె చెడేది ఎక్కువగా మెషీన్‌లో కాదు, మెషీన్ దాకా వచ్చేలోపు. రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఎంత తీయాలి? మామూలు పద్ధతిలో కనీసం 10 మిల్లీలీటర్లు. మందు మీద ఉన్న మనిషికి తెల్లకణాలు మూడు వేలో నాలుగు వేలో ఉంటాయి. సీబీసీకి తీసినట్టు రెండు మిల్లీలీటర్లు తీస్తే ఆ కాస్త కణాల్లోంచి 32,000 కాపీలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆర్ఎన్ఏ నిలవ ఉండదు. రక్తం తీసిన గంట నుంచే తెగిపోవడం మొదలవుతుంది. 24 గంటల్లో ప్రాసెస్ చేస్తే మంచిది, 48 గంటలు దాటితే ఏబీఎల్1 లెక్క పడిపోతుంటుంది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో శనివారం సాయంత్రం తీసిన రక్తం హైదరాబాద్ ల్యాబులో సోమవారం మధ్యాహ్నం తెరుచుకుంటుంది. అందుకే దూరం నుంచి పంపేవాళ్లు సోమవారం నుంచి బుధవారం లోపల రక్తం ఇవ్వండి. పండగ ముందురోజు వద్దు. ట్యూబును డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ఐస్ ముక్కలకు నేరుగా ఆనించకూడదు. రక్తం గడ్డకట్టి కరిగితే కణాలు పగిలి ఆర్ఎన్ఏ పోతుంది. ఎండాకాలం అయితే కూల్ ప్యాక్‌కు, ట్యూబుకు మధ్య గుడ్డో దూదో ఉంచండి. పాక్స్‌జీన్ ట్యూబులో తీస్తే ఆర్ఎన్ఏ ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ అందులో పట్టేది 2.5 మిల్లీలీటర్లే. లోతుగా వెతకాల్సిన రోగికి ఒక్క ట్యూబు చాలకపోవచ్చు.

రోగులు అడిగే ప్రశ్న, పరగడుపున రావాలా? అక్కర్లేదు. మాత్ర వేసుకుని రావచ్చా? రావచ్చు. ఈ పరీక్షకు ఆ పూట మాత్రతో సంబంధం లేదు.

ల్యాబు లోపల జరిగేది తొందరగా చెబుతాను. ఎర్రకణాలను పగలగొట్టి తెల్లకణాలను విడదీస్తారు, వాటిని లైసిస్ ద్రావణంలో వేశాక ఆర్ఎన్ఏ తీస్తారు, దాన్ని సీడీఎన్ఏగా మారుస్తారు, ఆ సీడీఎన్ఏని రియల్‌టైమ్ పీసీఆర్‌లో పెడతారు. ప్రతి సైకిల్‌కూ రెట్టింపు. పదింతల తేడాకు సుమారు 3.3 సైకిళ్లు. స్టాండర్డ్ కర్వ్ వాలు ఆ లెక్కకు దగ్గరగా లేకపోతే ఆ రన్ మొత్తం పక్కన పెట్టాలి. ప్రతి శాంపిల్‌నూ కనీసం రెండు గుంటల్లో వేయాలి. నీళ్ల కంట్రోల్‌లో సిగ్నల్ వచ్చిందా, కలుషితమైంది, రిపోర్టు ఇవ్వకండి. కొత్త రోగి శాంపిల్‌లో లక్షల కాపీలుంటాయి, పక్క గుంటలో ఎంఆర్ 4.5 రోగి ఉంటాడు. ఒక్క పిపెట్ తుంపర చాలు, ఐదేళ్ల ఆశ ఒక్క రోజులో కూలిపోతుంది. వీలైతే కొత్త రోగుల శాంపిళ్లను వేరే రన్‌లో పెట్టండి. పీసీఆర్ అయిపోయిన ట్యూబులను ఆర్ఎన్ఏ తీసే గదిలోకి తేకండి.

జీన్ఎక్స్‌పర్ట్ గురించి అడుగుతారని తెలుసు. మన దగ్గర టీబీకి సీబీనాట్ అని చేస్తారే, అదే మెషీన్. దానికి బీసీఆర్-ఏబీఎల్ కార్ట్రిడ్జ్ వేరే ఉంది. ఆర్ఎన్ఏ తీయడం నుంచి ఐఎస్ లెక్క దాకా లోపలే జరుగుతుంది, రెండు మూడు గంటల్లో ఫలితం. తక్కువమంది రోగులున్న ఊళ్లో ఇది నిజంగా మేలు చేసే సాధనం. కానీ ఆ కార్ట్రిడ్జ్ మామూలు రకాల ట్రాన్స్‌క్రిప్ట్‌లనే, అంటే అతుకు జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏలనే, పట్టేలా తయారైంది. ఇక్కడికి వస్తున్నాను, ఇది ముఖ్యం.

ట్రాన్స్‌క్రిప్ట్ రకం. బీసీఆర్, ఏబీఎల్ అందరిలో ఒకే చోట అతుక్కోవు. ఎక్కువమందిలో ఈ13ఏ2, ఈ14ఏ2 అనే రెండు రకాలు. పాత రిపోర్టుల్లో బీ2ఏ2, బీ3ఏ2 అని ఉంటుంది, పేర్లే వేరు, రకాలు అవే. కొద్దిమందిలో ఈ1ఏ2, ఈ19ఏ2, ఈ13ఏ3 లాంటివి ఉంటాయి. మామూలు కిట్‌కు ఇవి దొరకవు. అంటే ఏమవుతుంది? ఒంటినిండా జబ్బు ఉన్నా రిపోర్టు ‘కనబడలేదు’ అనే వస్తుంది. మొదటి రోజు రకం తేల్చకుండా మాత్రలు మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత మొదటి పీసీఆర్ చేయిస్తే, అది మందు గొప్పతనమో కిట్ గుడ్డితనమో ఎవరూ చెప్పలేరు. కాబట్టి మాత్ర మొదలుపెట్టకముందే రకం తెలుసుకోవాలి, ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయాలి. అరుదైన రకం ఉన్నవాళ్లకు ఐఎస్ వర్తించదు, ఒకే ల్యాబులో వాళ్ల సొంత లెక్కతోనే పోల్చుకుంటూ వెళ్లాలి.

మూడో నెల, ఆరో నెల, ఏడాది

మందు మొదలయ్యాక ఎంఎంఆర్ వచ్చి, అది ఇంకోసారి కూడా నిలిచేదాకా మూడు నెలలకోసారి పీసీఆర్. తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి. యూరోపియన్ లుకేమియానెట్ అనే నిపుణుల బృందం 2020లో ఇచ్చిన గీతలు ఇవి. మూడో నెలకు 10 శాతం లేదా ఆ లోపు, ఆరో నెలకు 1 లోపు, పన్నెండో నెలకు 0.1 లోపు ఉంటే మందు బాగా పనిచేస్తున్నట్టు. ఆరో నెలలో 10 దాటి ఉంటే, ఏడాదికి 1 దాటి ఉంటే మందు విఫలమైనట్టు, మార్చాలి. మధ్యలో ఉన్నవాళ్లు హెచ్చరిక గదిలో ఉన్నట్టు. మందు మార్చాలా, ఇంకొంత చూడాలా అన్నది మనిషిని బట్టి, వయసును బట్టి, మిగతా జబ్బులను బట్టి ఉంటుంది.

మూడో నెలలో 10 దాటినవాళ్లు ఒకేసారి కంగారు పడొద్దు. ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ చేయించి చూడాలి. ప్లేట్‌లెట్లు పడిపోయి మధ్యలో మందు మూడు వారాలు ఆపారా? అయితే ఆ అంకెను ఆ లెక్కలోనే చూడాలి. ఎక్కడి నుంచి ఎంత వేగంగా దిగుతోందన్నది కూడా చెబుతుంది. 90 నుంచి 12కి దిగినవాళ్లూ, 40 నుంచి 12కి దిగినవాళ్లూ ఒకటి కాదు. అందుకే నా మాట వినండి, ఒక గ్రాఫ్ కాగితం తీసుకుని ప్రతి రిపోర్టునూ చుక్కగా పెట్టండి. తేదీ, అంకె, ఏబీఎల్1 కాపీలు, ల్యాబు పేరు. డాక్టరుగారికి కట్ట చేతికిచ్చే బదులు ఆ కాగితం చూపించండి.

అంకె నిజంగా పెరిగింది. మొదట ఏం చూడాలి? మ్యుటేషన్, అంటే మందు పట్టకుండా జన్యువులో వచ్చే మార్పు అనుకుంటారు అందరూ. మొదట చూడాల్సింది మాత్రల డబ్బా. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 87 మంది రోగుల మందు సీసాలకు, ఎప్పుడు తెరిచారో నమోదుచేసే మూతలు పెట్టి మూడు నెలలు చూశారు. 2010లో ఫలితాలు వచ్చాయి. 90 శాతం కన్నా ఎక్కువ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు ఎంఎంఆర్ వచ్చే అవకాశం 94.5 శాతం. 90 శాతం, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో 28.4 శాతం. 90 శాతం అంటే ఎంత? నెలకు మూడు రోజులు తప్పడం. మూడే మూడు రోజులు! ఊరికెళ్లినప్పుడు రెండు, వాంతి అవుతుందని ఒకటి, అయిపోయాయి మూడు. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు ఇది. కాళ్ల నొప్పులు, వాపు, వికారం వల్ల మానేస్తున్నారంటే అది చెప్పండి, వాటికి మార్గాలున్నాయి. చెప్పకుండా దాస్తే డాక్టరు మందు పనిచేయడం లేదనుకుని ఖరీదైన మందుకు మారుస్తారు.

ఇమాటినిబ్ అన్నంతో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. నిలోటినిబ్ అలా కాదు, తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో, ఖాళీ కడుపునే. డసాటినిబ్ వేసుకునేవాళ్లు గ్యాస్ మాత్రలని రోజూ ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ మింగకండి. కడుపులో ఆమ్లం తగ్గితే డసాటినిబ్ ఒంటికి పట్టదు. మన దగ్గర ఇంకొకటి తరచుగా జరుగుతుంది. టీబీ వస్తుంది, రిఫాంపిసిన్ మొదలుపెడతారు. అది ఇమాటినిబ్‌ను కాలేయంలో తొందరగా కరిగించేస్తుంది, రక్తంలో మందు బాగా పడిపోతుంది. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ కూడా అంతే. టీబీ డాక్టరుకు సీఎంఎల్ సంగతి, సీఎంఎల్ డాక్టరుకు టీబీ సంగతి మీరే చెప్పాలి.

మాత్రలు సరిగ్గా వేసుకున్నా, అడ్డుపడే మందులేవీ లేకున్నా అంకె పెరిగితే అప్పుడు మ్యుటేషన్ పరీక్ష. సాంగర్ పద్ధతిలో చేస్తే మొత్తంలో 15, 20 శాతం ఉన్నప్పుడే మ్యుటేషన్ కనబడుతుంది. ఎన్‌జీఎస్ పద్ధతి ఇంకా తక్కువ ఉన్నా, 3 శాతం దాకా పడుతుంది. ఈ పరీక్ష ఫలితం మందు ఎంచుకోవడానికే. టీ315ఐ అనే మ్యుటేషన్ వస్తే ఇమాటినిబ్, డసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ నాలుగూ పనిచేయవు, పొనాటినిబ్, అసిమినిబ్ వైపు వెళ్లాలి. వై253హెచ్ వస్తే నిలోటినిబ్ వద్దు. ఎఫ్317ఎల్ వస్తే డసాటినిబ్ వద్దు. 0.05 ఉన్నవాళ్లు మ్యుటేషన్ టెస్టుకు డబ్బు పోయకండి, అంత తక్కువలో ఫలితం రాదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. హైదరాబాద్‌లోని నాట్కో 2003లో జనరిక్ ఇమాటినిబ్ తెచ్చింది. ఇమాటినిబ్ అసలు బ్రాండ్ గ్లివెక్‌కు పేటెంట్ ఇవ్వడానికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మాత్ర అందుబాటులోకి వచ్చింది. పరీక్ష అంతగా రాలేదు. నెల మాత్రల ఖర్చు కన్నా ఒక్క పీసీఆర్ ఖర్చు ఎక్కువయ్యే ఇళ్లున్నాయి. అన్నిసార్లూ చేయించలేమనేవాళ్లు మొదటి రోజు రకం పరీక్ష, మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల, ఈ నాలుగూ వదలకండి. దేన్నైనా వదలాల్సి వస్తే ఎంఎంఆర్ నిలిచాక మధ్యలో వచ్చే వాటిలో ఒకటి వదలండి. చౌక అని ఐఎస్ లేని పరీక్ష, ‘ఉంది, లేదు’ అని మాత్రమే చెప్పే పరీక్ష చేయించకండి. ఆ డబ్బు వృథా.

మందు ఆపాలంటే

అందరూ ఎదురుచూసే సంగతి ఇది. 2010లో ఫ్రాన్స్ నుంచి స్టిమ్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. రెండేళ్లు పీసీఆర్‌లో జబ్బు కనబడని 100 మందికి ఇమాటినిబ్ ఆపారు. పదిమందిలో నలుగురికి తిరిగి రాలేదు. 2018లో యూరో-స్కీ అధ్యయనంలో 755 మందిని చూస్తే, రెండేళ్లకు సగంమంది మందు లేకుండా ఉన్నారు. జబ్బు తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది.

ఎవరు ఆపొచ్చు? జబ్బు ఎప్పుడూ క్రానిక్ దశ (నెమ్మదిగా నడిచే మొదటి దశ) దాటి ఉండకూడదు. మందు విఫలమైన చరిత్ర ఉండకూడదు. ఇమాటినిబ్ అయితే కనీసం ఐదేళ్లు, డసాటినిబ్, నిలోటినిబ్ లాంటి రెండో తరం మందులైతే నాలుగేళ్లు వాడి ఉండాలి. ఎంఆర్ 4 లేదా ఇంకా లోతు, కనీసం రెండేళ్లు పైబడి నిలిచి ఉండాలి. రెండేళ్లలో ఒకే ఒక్క పరీక్ష కాదు, వరసగా చేయించినవన్నీ. ఎక్కువకాలం నిలిస్తే ఇంకా మంచిది. మామూలు ట్రాన్స్‌క్రిప్ట్ రకం ఉండాలి. నాలుగు వారాల్లో ఫలితం ఇచ్చే ఐఎస్ ల్యాబు అందుబాటులో ఉండాలి. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. నేను దాన్నే ముందు అడుగుతాను. మందు ఆపాక మొదటి ఆరు నెలలు నెలనెలా పీసీఆర్, తర్వాతి ఆరు నెలలు రెండు నెలలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. ఏళ్ల తరబడి. అది చేయించుకోలేని పరిస్థితిలో మందు ఆపడం ప్రమాదం. మాత్రలు మిగలబెట్టుకోవడానికి ఆపుతామంటే, మొదటి ఏడాది పరీక్షల ఖర్చు మాత్రల ఖర్చును మించవచ్చు.

ఆపాక 0.1 దాటితే తిరిగి మొదలుపెట్టాలి. ఆలోచించడానికి, మొక్కులు తీర్చుకోవడానికి వాయిదా వేయకండి. అదే మందు తిరిగి మొదలుపెడితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మళ్లీ కిందకి దిగుతారు. 0.003 నుంచి 0.02కి పెరిగితే మాత్రం మొదలుపెట్టనక్కర్లేదు, ఇంకాస్త దగ్గరగా చూస్తూ ఉండాలి. కొందరిలో కొంచెం కనబడుతూనే, పెరగకుండా, ఏళ్లు గడుస్తాయి. ఆపిన మొదటి వారాల్లో నాలుగింట ఒక వంతు మందికి కీళ్లు, కండరాల నొప్పులు వస్తాయి. జబ్బు తిరిగొచ్చిందని కాదు, మందు మానడం వల్ల. మామూలు నొప్పి మాత్రలతో చాలామందికి సర్దుకుంటుంది.

అక్కడ వెనక వరసలో అమ్మాయి చీటీ పంపింది. పెళ్లి కుదిరింది, పిల్లల సంగతేంటని. మన దేశంలో సీఎంఎల్ పాశ్చాత్య దేశాల కన్నా చిన్న వయసులో బయటపడుతోంది, కాబట్టి ఇది ఒక్కరి ప్రశ్న కాదు. మగవాళ్లు ఇమాటినిబ్ మీద ఉండగా పిల్లలు కలిగితే ఇబ్బంది పెరిగినట్టు తేలలేదు. ఆడవాళ్లకు అలా కాదు. ఈ మందులు కడుపులో బిడ్డ అవయవాలు ఏర్పడే వారాల్లో హాని చేస్తాయి. అందుకే గర్భం ముందుగా అనుకుని ప్లాన్ చేయాలి. మందు ఆపడానికి ఇప్పుడు చెప్పిన షరతులు తీరితే, ఆపి ప్రయత్నించడం అన్నిటికన్నా మంచిది. అనుకోకుండా గర్భం వస్తే, నెల తప్పిందని అనుమానం వచ్చిన రోజే పరీక్ష చేసుకుని డాక్టరుకు ఫోన్ చేయండి, మూడు నెలల అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. గర్భంతో ఉన్నన్నాళ్లూ నెలనెలా పీసీఆర్, సీబీసీ. అంకె పెరిగి చికిత్స తప్పదంటే ఇంటర్‌ఫెరాన్ ఉంది. కాన్పు తర్వాత మాత్ర మళ్లీ మొదలుపెడితే బిడ్డకు పాలివ్వకూడదు. అంకె తక్కువగా ఉంటే కొన్ని వారాలు పాలిచ్చి, నెలనెలా చూస్తూ, ఆ తర్వాత మొదలుపెట్టవచ్చా అన్నది మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. అమ్మా, నీ దగ్గర రెండేళ్ల రిపోర్టులు ఉంటే కిందకి తీసుకురా, ఏబీఎల్1 లెక్కలు చూద్దాం.